చప్పుడు చేయని కోడిపిల్ల

కోటగల్లి, నిజామాబాద్
ఫిబ్రవరి 6, 2025

ఎస్తర్,

నువ్వు, పాల్ రాజ్ గారు క్షేమమని తలుస్తాను. ఉత్తరం చూసి ఉలిక్కిపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను పాడైంది. బాగుచేసే దుకాణం దాకా పోవడానికి నాకు కాళ్లు సహకరించడం లేదు. మిషన్ బడిలో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం, నాలుగు ముక్కలు రాసుకోలేమా అనుకుని కవర్లు కొన్నాను. పోస్టాఫీసులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

సవిత పోయి రెండు నెలలు కావస్తోంది. దినాలకు నువ్వు వచ్చి పక్కన కూర్చున్నావు, అది మరిచిపోను. అన్నదమ్ములకు ఇచ్చిన ఆడవాళ్లం మేమిద్దరం. ఇద్దరి మొగుళ్లూ పోయాక పదకొండేళ్లు ఒకే ఇంట్లో, ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టాం. పెద్ద యారాలిని నేను, కాని పెత్తనమంతా దానిదే. తలుపు తీయడం, ఫోనెత్తడం, కార్ఖానాలో బేరమాడటం అన్నీ అదే చూసుకునేది. ఇప్పుడు నా ఎదుట గోడ ఉంది. పొద్దున ఆకూ తంబాకూ తెచ్చుకుని చాట ఒళ్లో పెట్టుకుంటే దీపాలు పెట్టేదాకా నోరు విప్పే పని ఉండదు.

పోయిన వారం ఒక మరాఠీ మనిషి సైకిల్ వెనక గంపలో రంగు కోడిపిల్లలు తెచ్చాడు. రెండు తీసుకున్నాను, ఒకటి పచ్చది, ఒకటి గులాబిది. అరవై ఆరేళ్లకు ఇదేం సోకు అని నవ్వుతావు. నవ్వుకో. పచ్చది నాలుగో రోజే పోయింది, ఏదో తెగులు తగిలి ఉంటుంది. ఇప్పుడు గులాబిది ఒక్కటే మిగిలింది.

చాలా బుద్ధిమంతురాలు. తోడు పోయిందని గొడవ చేయదు, చప్పుడు చేయదు. ఆకుబుట్టలో ఒక మూలకు నిలబడి నోరు తెరుస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. పొద్దంతా అదే పని. దాహమేమో అని నీళ్లు పెడితే ముట్టదు. నూకలు వేస్తే చూడదు. రెండు రోజుల నుంచి రెక్కలు జారేసుకుని నిలబడుతోంది. పక్కింటి అంజవ్వ రోజుకు రెండుసార్లు వచ్చి బుట్టలోకి తొంగి చూసి ఏదో అని పోతోంది. కోళ్లను పెంచినదానివి, ఏం చేయాలో వెంటనే రాయి. దీన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

సురేందర్ మోర్తాడ్‌లో బాగానే ఉన్నాడు. జనవరిలో ఒకసారి ఫోను చేశాడు, ఆ తరువాత రాలేదు, పోలేదు. ట్రాక్టర్ల వర్క్‌షాపులో తీరిక ఉండదు. కోడలు త్రివేణికి ఎనిమిదో నెల పడి ఉండాలి. ఏడో నెలలో శ్రీమంతం చేసే ఉంటారు. విధవరాలిని పిలవడం ఎందుకనుకున్నారో ఏమో, నాకు కబురు రాలేదు. అయినా ఆ పిల్లకు తల్లి లేదు. రేపు పురుడు పోయవలసింది నేనే కదా, అప్పుడు పిలవక ఏం చేస్తారు.

నీ
సుమిత్ర


సాలూర, బోధన్ దగ్గర
ఫిబ్రవరి 11

సుమిత్రా,

ప్రభువు కృప నీ గడపలో ఉండాలని మా ఇద్దరి వందనాలు. నిజామాబాద్‌లో బస్సెక్కితే గంటన్నరలో మా ఊళ్లో దిగుతావు. నీ ఉత్తరం నాలుగు రోజులు నడిచి వచ్చింది. మధ్యలో ఎక్కడ పండుకుందో.

ముందు కోడిపిల్ల సంగతి, అది ఆగేది కాదు. బుట్టకు ఒక పక్కన అరవై బల్బు వేలాడదీయి, పిల్లకు జానెడు ఎత్తున. చలి పుడితే బల్బు కిందికి పోతుంది, ఉడుకెత్తితే అదే పక్కకు జరుగుతుంది. బుట్టలో చిన్న అద్దం నిలబెట్టు, తన నీడను చూసుకుని ఇంకొకటి ఉందనుకుంటుంది. పాత ఉన్ని గుడ్డ ఒకటి చివర పేలికలుగా కత్తిరించి వేలాడదీయి, తల్లి రెక్క కిందికి దూరినట్టు అందులోకి దూరుతుంది. నూకలు వేసి ఊరుకోకు. చూపుడువేలితో నేల మీద టకటక కొట్టి చూపించు. తల్లి ముక్కుతో పొడిచి చూపిస్తేనే పిల్ల తినడం నేర్చుకుంటుంది. నీళ్లలో కొంచెం బెల్లం వేసి, ముక్కు చివర తడుపు. బీడీ తంబాకు పొడి దాని దగ్గర ఒక్క రవ్వ కూడా ఉండకూడదు.

నేనే వచ్చేదాన్ని. పాల్ రాజ్ చెరకు ట్రాలీ మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడని నీకు జనవరిలో ఫోను చేసి చెప్పాను కదా, ఇంకా పట్టీ విప్పలేదు. మంచం దిగాలంటే నా భుజం కావాలి. ఆ రోజు నేను అంత కష్టం చెబితే నువ్వేమన్నావు? ‘మంచిది, మంచిది’ అని పెట్టేశావు. ఆయనకు చెబితే, “సుమిత్రకు నా మీద ఎప్పటి పగనో ఉన్నది” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నీ ఉత్తరం చదివాక నవ్వు పోయింది. సుమిత్రా, ముప్పై ఏళ్లు అంగన్‌వాడిలో పసిపిల్లల మధ్య, నలభై ఏళ్లు కోళ్ల మధ్య బతికినదాన్ని. తోడు పోయిన కోడిపిల్ల చప్పుడు చేయకుండా ఉండదు. వీధి చివరి దాకా వినపడేలా అరుస్తుంది, తెల్లవారింది మొదలు అరుస్తుంది. నోరు తెరిచి మూస్తోందని రాశావే, అది దాహం కాదు, అది ఏడుపు. అంజవ్వ రోజూ వచ్చి తొంగి చూసేది అందుకే.

సవిత దినాలనాడు నీ వెనక నిలబడి మూడుసార్లు పిలిచాను. దుఃఖంలో ఉన్నావు, పలకలేదనుకున్నాను. నీకు వినపడటం లేదు కదూ. ఎన్నాళ్ల నుంచి?

నీ
ఎస్తర్


కోటగల్లి, నిజామాబాద్
ఫిబ్రవరి 15

శ్రీమతి ఎస్తర్ గారికి,

మీ ఉత్తరం అందింది. బల్బు పెట్టించాను. అద్దం పెట్టాను. ఉన్ని గుడ్డ కట్టాను. పిల్ల కొంచెం నూకలు తిన్నది.

నా చెవులు బాగానే ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఉత్తరం చదివి రోగాలు చెప్పడం మీ అంగన్‌వాడిలో నేర్పారేమో నాకు తెలియదు. పాల్ రాజ్ గారి కాలు త్వరగా నయం కావాలని కోరుతున్నాను.

ఇట్లు
సుమిత్రమ్మ


కోటగల్లి, నిజామాబాద్
ఫిబ్రవరి 16

ఎస్తర్,

నిన్నటి ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికి వచ్చేసరికే సిగ్గేసింది. మళ్లీ పోయి డబ్బా ముందు నిలబడ్డాను, చెయ్యి దూరదు కదా. అది నీకు ముందు చేరుతుందో ఇది ముందు చేరుతుందో. ఇది ముందు చదువు.

రాత్రి పిల్లను ఒళ్లో పెట్టుకుని దాని మెడ కింద వేలు ఆనించాను. నోరు తెరిచినప్పుడల్లా గొంతు అదురుతోంది. లెక్కపెట్టలేనంత వేగంగా అదురుతోంది. పది రోజులు నా పక్కనే ఉండి అది అట్లా ఏడ్చింది. బుద్ధిమంతురాలని నీకు రాశాను.

మూడేళ్లయింది ఎస్తర్. జ్వరం వచ్చి తగ్గాక కుడి చెవి పోయింది, తరువాత ఎడమది పోతూ పోతూ ఇప్పుడు ఏమీ లేదు. డాక్టర్ మిషన్ పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే హోరు తప్ప మాట రాలేదు, తీసి ట్రంకులో వేశాను. ఎవరికీ తెలియదు, ఒక్క సవితకు తప్ప. ఎవరైనా వస్తే నా మోకాలి మీద తట్టేది. వాళ్లన్న మాటను పెదవులు గట్టిగా కదిపి నాకు చెప్పేది. ఫోను వస్తే తానే విని నాకు చెప్పి, నా చేతికిచ్చి జవాబు చెప్పించేది. పదకొండేళ్లు చూసిన మొహం కదా, దాని పెదవులు చదవడం నాకు కష్టం కాలేదు. మిగతావాళ్లవి రావు. ఇప్పుడు ఫోను వెలిగితే తీస్తాను, పేరు చూస్తాను, కాసేపాగి ‘మంచిది, మంచిది’ అంటాను. ఫోను పాడైందన్నది అబద్ధం. పాల్ రాజ్ గారితో నా తరఫున చెప్పు, నాకు ఏ పగా లేదు.

పచ్చది తెగులుతో పోలేదు. గడప దగ్గర రెండూ ఎండలో ఆడుతున్నాయి. నేను వాటికి వీపు పెట్టి బీడీలు చుడుతున్నాను, రెండు చేతుల దూరం కూడా లేదు. పిల్లి వచ్చింది. ఆ పిల్ల ఎంత అరిచిందో, ఎంతసేపు అరిచిందో. దారం కోసం ఇటు తిరిగితే నాలుగు పచ్చ ఈకలున్నాయి, గులాబిది చెప్పుల సందున దూరి ఉంది. నేను చూడకపోతే ఇంకా చుడుతూనే ఉండేదాన్ని.

వాటిని ఎందుకు కొన్నానో నీకు చెప్పలేదు. త్రివేణికి పురుడు పోయడానికి మోర్తాడ్ పోతాను కదా. పగలంతా సురేందర్ పనిలో ఉంటాడు, పచ్చి బాలెంతరాలు నిద్రపోతుంది, బిడ్డ నా చేతిలో ఉంటుంది. వినపడకుండా చిన్న ప్రాణాన్ని సాకగలనా అని చూసుకుందామని కొన్నాను. నాలుగో రోజునే ఒకటి పోయింది.

సురేందర్‌కి చెప్పవద్దు. నీ దగ్గర వాడి నంబరు ఉందని నాకు తెలుసు. ఏడుస్తే వినపడని ముసలిదాని చేతికి బిడ్డను ఎవరిస్తారు? గులాబిదాన్ని బతికించుకోనీ ముందు. ఆ తరువాత నేనే చెబుతాను.

సుమిత్ర


సాలూర
ఫిబ్రవరి 20

నా సుమిత్రకు,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. ‘శ్రీమతి ఎస్తర్ గారు’ ముందు చదివాను. ఆ ‘మీరు’ చూసి నాకు భలే కోపం వచ్చింది, చింపేద్దామనుకుని రెండోది తెరిచాను. చదివి వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను. మూడేళ్లు ఒక్క మాట చెప్పలేదు. సవితకు ఉన్న తెలివి నాకు లేకపోయింది, పిలిచి పలకకపోతే ముందుకు వచ్చి మొహం చూడాలని తోచలేదు. నన్ను క్షమించు.

అద్దం కొన్నాళ్లే పనిచేస్తుంది. అద్దంలోది వెచ్చగా ఉండదు కదా, పిల్ల కనిపెట్టేస్తుంది. దానికి ప్రాణమున్న తోడు కావాలి. మా గోధుమరంగు పెట్ట పిల్లలు చేసి మూడు వారాలైంది, నీదాని వయసే. అందులో ఒకటి నెమ్మదైనది ఉంది, మిగతావి తోస్తే పక్కకు జరిగి నిలబడుతుంది. దాన్ని పంపిస్తున్నాను. మా ఊరి వెంకటి రోజూ పాల ఆటో తీసుకుని నిజామాబాద్ వస్తాడు. సోమవారం నీ తలుపు ముందు నిలబడతాడు. తలుపు కొట్టొద్దు, లోపలికి పోయి మొహం చూపించు అని చెప్పాను.

వెంటనే కలపకు. నీది రంగు పిల్ల, ఇది నాటుది, ఒకదాన్నొకటి చూసి బెదిరి పొడుచుకుంటాయి. బుట్ట మధ్యలో జల్లెడ అడ్డం పెట్టు. ఒక రోజు చూసుకోనీ, వాసన పట్టనీ. మరుసటి రోజు పొద్దుగూకే వేళ, రెండింటికీ నిద్ర ముంచుకొస్తున్నప్పుడు జల్లెడ తీసి ఒకే ఉన్ని గుడ్డ కిందికి తొయ్యి. నిద్రలో ఆనుకుంటే తెల్లవారి కొట్లాట మరిచిపోతాయి.

సురేందర్‌కి చెప్పనని ఒట్టు పెట్టమనకు, మా దాంట్లో ఒట్టు పెట్టకూడదు. మాట ఇస్తున్నాను, అంతే. అయినా ఒకటి అడుగుతాను. రెండు నెలలుగా కొడుకు గడప తొక్కకపోతే, తీరిక లేదని ఊరుకునేదానివి కావు నువ్వు. ఎందుకో తెలుసుకోవాలని లేదా?

ఎస్తర్


కోటగల్లి, నిజామాబాద్
మార్చి 1

ఎస్తర్,

నీ వెంకటి మంచివాడు. చెప్పినట్టే లోపలికి వచ్చి ఎదురుగా నిలబడి, గంప కిందపెట్టి, రెండు చేతులూ కోడి రెక్కల్లా ఆడించి చూపించాడు. ఎన్నాళ్లకో నవ్వాను. చాయ్ తాగి పోయాడు.

నువ్వు రాసినట్టే చేశాను. మొదటి రోజు జల్లెడకు అటూ ఇటూ నిలబడి రెండూ మెడలు చాచి చూసుకున్నాయి. గులాబిది కోపంతో జల్లెడను పొడిచింది. అంత ఏడ్చినది, తోడొస్తే దానిమీదికే పోయింది. నీ పిల్ల మాత్రం తల వంచుకుని నూకలు తిన్నది. రెండో రోజు పొద్దుగూకాక జల్లెడ తీసి రెండింటినీ గుడ్డ కిందికి పంపాను. కాసేపు గుడ్డ అటూ ఇటూ కదిలింది, తరువాత ఆగింది. పొద్దున గుడ్డ ఎత్తి చూస్తే ఒకదాని మెడ మీద ఒకటి మెడ వేసి పడుకున్నాయి. గులాబిదాని గొంతు కింద వేలు పెట్టాను. అదురు లేదు. ఇంకాసేపు పెట్టి చూశాను, లేదు.

అంజవ్వ వచ్చింది. ఈసారి “నాకు ఇనవడది, మెల్లగ జెప్పు” అన్నాను. బయటి మనిషికి మొదటిసారి చెప్పడం. ఆమె గుడ్లప్పగించి చూసి, తరువాత నా చెయ్యి పట్టుకుని కూర్చుని, సైగలు చేస్తూ ఒక్కో మాటా మెల్లగా చెప్పింది. ఇన్నాళ్లూ తాను చెప్పింది ‘దానికొక తోడు తేరాదే’ అనట. నేను ప్రతిసారీ ‘మంచిది’ అని నవ్వానట. పొగరుబోతు అనుకుందట.

ఇంకొకటి చేశాను, విను. బీడీదారం తీసి ఒక కొస బుట్టకు కట్టి, ఇంకో కొస నా కాలి బొటనవేలికి కట్టుకున్నాను. నేను ఎటు తిరిగి కూర్చున్నా, పిల్లలు బెదిరి ఎగిరితే దారం గుంజుతుంది. మొన్న పిల్లి మళ్లీ వచ్చింది. దారం గుంజగానే తిరిగాను, చీపురు విసిరాను. తగల్లేదు కాని పిల్లి పోయింది. ఉయ్యాల తాడు కాలికి కట్టుకుని పని చేసుకునే ఆడవాళ్లను ఎంతమందిని చూడలేదు మనం? బిడ్డ ఏడిస్తే కాళ్లూ చేతులూ ఆడిస్తుంది, ఉయ్యాల అదురుతుంది, నాకు తెలుస్తుంది. రాత్రయితే పక్కలో వేసుకుని గుండె మీద చెయ్యి వేసి పడుకుంటాను. నేను సాకగలను ఎస్తర్.

ఇక దాచను. వచ్చే వారం మోర్తాడ్ పోయి సురేందర్‌కి, త్రివేణికి అన్నీ చెబుతాను. నెలలు నిండుతున్నాయి, ఇంకెప్పుడు చెబుతాను. సవిత చీరలు మెత్తనివి రెండు తీసి పొత్తిగుడ్డలకు చింపి, ఉతికి మడత పెట్టాను.

నీ
సుమిత్ర


సాలూర
మార్చి 5

సుమిత్రా,

ఉత్తరం అందింది. పిల్లలు కలిసినందుకు సంతోషం. ఇంకో పది రోజులు రాత్రిపూట బల్బు తీయకు. నూకలతో పాటు సన్నగా తరిగిన ఉల్లికాడ వెయ్యి. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వెయ్యి, మునిగిపోకుండా ఉంటాయి. పాల్ రాజ్‌కి పట్టీ విప్పారు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

మోర్తాడ్ ఇప్పుడే పోకు. నేను రాసేదాకా ఆగు.

ఎస్తర్


కోటగల్లి, నిజామాబాద్
మార్చి 9

ఎస్తర్,

ఏమైంది? అంత సంతోషంగా రాస్తే ఉల్లికాడల సంగతి రాసి ఊరుకున్నావు. ఒక ఎకసెక్కం లేదు, ఒక తిట్టు లేదు, ప్రభువు కృప కూడా లేదు. ఇది నీ ఉత్తరం కాదు.

మోర్తాడ్ ఎందుకు పోవద్దు? సురేందర్‌తో మాట్లాడావు కదూ. మాట తప్పావు. వాడు వద్దన్నాడా? వినపడని మనిషి మాకొద్దు అన్నాడా? ఏదన్నా సరే, అన్నది అన్నట్టు రాయి. మొహాలు చూసి ఊహించుకుని ఊహించుకుని అలసిపోయాను. నువ్వు కూడా నన్ను ఊహించుకోమంటే ఎట్లా.

సుమిత్ర


సాలూర
మార్చి 13

సుమిత్రా,

కూర్చుని చదువు. అంజవ్వను పిలిచి పక్కన పెట్టుకో.

మాట తప్పాను. నీ కోడిపిల్లలు కలిశాయన్న ఉత్తరం చదివిన పొద్దుటే సురేందర్‌కి ఫోను చేశాను. నువ్వు మోర్తాడ్ పోయేలోగా వాడి మనసులో ఏముందో తెలుసుకుని, నీకు దారి సాఫు చేద్దామనుకున్నాను. వాడు చెప్పింది నీకు ఎట్లా రాయాలో తెలియక ఉల్లికాడల సంగతి రాశాను. ఇక దాచడం పాపం. వాడి మాటలే రాస్తాను.

“చిన్నమ్మా, బిడ్డ దక్కలే. జనవరి ఇరవై మూడు తారీకు త్రివేణికి నొప్పులొచ్చినయ్, ఆర్మూర్ దవాఖానకు తోల్కపోయిన. పానం లేకుంట పుట్టింది. దవాఖాన కాడికెల్లే అవ్వకు ఫోన్ జేసిన. అవ్వా, బిడ్డ పోయిందే, నువ్వు రావే అన్న. అవ్వ ఏమన్నదో ఎరికేనా? ‘మంచిది బిడ్డా, మంచిది. దేవుడు సల్లగ సూసిండు’ అన్నది. ఫోన్ స్పీకర్ల ఉన్నది. త్రివేణి మంచం మీద ఉన్నది, ఇన్నది. గప్పటి సంది మా ఇంట్ల అవ్వ పేరు ఎత్తుతలేము.”

నేను అన్నాను, “బిడ్డా, మీ అవ్వకు ఇనవడది. మూడేండ్ల సంది ఇనవడది. సవిత ఉన్నన్ని దినాలు కప్పిపెట్టింది, ఇప్పుడు అందరికీ గదే జవాబు జెప్తున్నది. నా మొగుని కాలు ఇరిగిందంటే గూడ మంచిదే అన్నది.”

వెనకాల వర్క్‌షాపులో ఇనుము కొడుతున్న చప్పుడు వినిపించింది. తరువాత, “నేను నెలన్నర గామెను తిట్టుకుంట కూసున్న” అన్నాడు. “త్రివేణికి ఎట్ల జెప్పాలె? అవ్వను ఎనకేసుకొస్తున్న అనుకుంటది.” ఆ తరువాత ఫోను పెట్టేశాడు. ఏడుస్తున్నాడని నాకు తెలిసింది.

ఆ పిల్లకు తల్లి లేదని నువ్వే రాశావు. ఆ రోజు ఆమె నీ మాట కోసం చూసి ఉంటుంది. నువ్వే పోవాలి సుమిత్రా. సురేందర్ చెబితే సాకు అవుతుంది, నేను చెబితే సాక్ష్యం అవుతుంది. ఆమెకు కావలసింది అవేవీ కావు. పోవద్దన్న నోటితోనే పొమ్మంటున్నాను. నీకు తోడు నేను రావాలంటే వెంకటితో చీటీ పంపు, పాల్ రాజ్‌ని ఎవరికైనా అప్పగించి వస్తాను.

ప్రభువు నీ చెయ్యి వదలకుండా ఉండాలి.

నీ
ఎస్తర్


మోర్తాడ్
మార్చి 20

ఎస్తర్,

నీ ఉత్తరం వచ్చిన రోజు బీడీలు చుట్టలేదు, పొయ్యి వెలిగించలేదు. నీ మీద కోపం వచ్చింది, మాట తప్పినందుకు కాదు, అది నిజమైనందుకు. ఆ రోజు ఫోను నాకు బాగా గుర్తుంది. సురేందర్ పేరు వెలిగింది. త్రివేణి క్షేమమని చెబుతున్నాడనుకున్నాను. అందుకే రోజూ అనే రెండు మాటలకు తోడు దేవుణ్ని కూడా కలిపాను. నవ్వుతూ అన్నాను ఎస్తర్. నా కొడుకు దవాఖానలో నిలబడి ఆ నవ్వు విన్నాడు.

నిన్ను తోడు రమ్మని చీటీ రాయలేదు. ఇది ఒక్కదాన్నే చేయాలి. కోడిపిల్లలు రెండింటినీ అంజవ్వకు అప్పగించి, ఆర్మూర్‌లో బస్సు మారి ఇక్కడ దిగాను. ఎక్కడ దిగాలో కండక్టర్‌కు ముందే చెప్పుకున్నాను, నాకు వినపడదు, ఊరొస్తే భుజం తట్టమని. తట్టాడు.

సురేందర్ పనిలో ఉన్నాడు. త్రివేణే తలుపు తీసింది. చిక్కిపోయింది, కళ్ల కింద నలుపు. నన్ను చూసి పక్కకు జరిగింది గాని రమ్మనలేదు. ఒకవేళ రమ్మందేమో, పెదవులు నాకు అందలేదు. దారిపొడుగునా ఎన్నో మాటలు అల్లుకున్నాను. అవేవీ రాలేదు. “నాకు ఇనవడది బిడ్డా” అన్నాను. “మూడేండ్లాయె. నీ మొగడు ఆ దినం ఏం జెప్పిండో నాకు ఒక్క ముక్క ఇనవళ్లే. నీకు ఎంత తప్పు జేసిన్నో ఇప్పుడు తెలిసింది. ఏమైందో నాకు నువ్వు జెప్పు. రాసి జెప్పు.”

నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. నా వెనక్కి వచ్చింది. పిలిచి చూసిందని తరువాత రాసి చెప్పింది. నేను తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. మళ్లీ ముందుకు వచ్చినప్పుడు ఆమె మొహం వేరేగా ఉంది. గోడ మీది క్యాలెండర్లో జనవరి కాగితం చింపి, వెనక్కి తిప్పి, నేల మీద కూర్చుని రాసింది. అక్షరాలు పెద్దవిగా, బడిపిల్ల రాసినట్టు రాసి నా ఒళ్లో పెట్టింది.

‘ఆడపిల్ల అత్తమ్మా. జుట్టు నిండుగ ఉండె. వేళ్లు మీ కొడుకువే. ఏడుస్తదేమోనని శానసేపు చూసిన. ఏడ్వలేదు.’

నా మనవరాలు ఏడిస్తే నాకు వినపడదని కదా ఎస్తర్, నేను మూడు నెలలు భయపడింది.

ఊరుకొమ్మని చెప్పలేదు, దేవుడి పేరు ఎత్తలేదు, ఆ పేరెత్తే నోరు నాకిప్పుడు లేదు. “పేరు అనుకున్నరా?” అని అడిగాను. త్రివేణి నన్ను అట్లాగే చూసింది. రెండు నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదట. కాగితం మళ్లీ లాక్కుని, ఒక్క మాట రాసి, చేత్తో మూసి నా వైపు జరిపింది. చదివాను. పైకి ఒకసారి పలికాను, నా గొంతు నాకు వినపడదు కనుక సరిగ్గా పలికానో లేదోనని ఆమె మొహం చూశాను. తల ఊపింది. ఇంకోసారి అనమని వేలు చూపించింది. సురేందర్ పని నుంచి వచ్చేసరికి మేమిద్దరం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాం. నేను ఆ పేరు ఎన్నిసార్లు అన్నానో తెలియదు.

కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను. కోడిపిల్లలకు నూకలు అయిపోతే అంజవ్వకు వెంకటితో పంపించు. ఆ పేరు మాత్రం నీకు రాయడం లేదు, ఏమీ అనుకోకు. అది త్రివేణిది, ఎవరికి చెప్పాలో ఆమె చెబుతుంది.

సుమిత్ర